‘ఆగు’ అనగల ధైర్యం

వేసవి మధ్యాహ్నం బల్మూరు పొలంగట్టున నిలబడి నల్లమల కొండలవైపు చూచిన వారికి ఒక దృశ్యం సుపరిచితం. గ్రద్ద ఒకటి రెక్కలు చాచి, వాటిని ఒక్కమారైనా ఆడించకుండా, వలయాలు చుట్టుకుంటూ పైపైకి పోతూ ఉంటుంది. ఎండకు కాగిన నేలనుండి లేచే వేడిగాలి దానిని మోస్తుంది. ఉర్దూ విభాగపు మిత్రులకు ఇక్బాల్ కవి ‘షాహీన్’ గుర్తుకు రావచ్చును. తెలుగు విభాగం వారికి గరుత్మంతుడు గుర్తుకు రావచ్చును. కాని అదే గ్రద్ద నేలనుండి లేచే తీరును శ్రద్ధగా గమనించినవారు తక్కువ. అది గాలికి ఎదురుగా తిరుగుతుంది, నాలుగడుగులు గెంతుతుంది, బరువుగా, తొందరగా రెక్కలు కొట్టుకుంటుంది. పైన కనిపించే ఆ నిశ్చింత క్రింద లేదు. ఎగిరే ప్రాణికి నిజమైన పరీక్ష ఆకాశంలో కాదు, నేల విడిచే ఆ కొద్ది క్షణాలలోనే జరుగుతుంది.

మానవుడు చేసిన గ్లైడరు కూడా ఇంతే. యింజను లేని ఈ విమానం ఒకసారి వేడిగాలిని అందుకున్నదంటే గంటల తరబడి ఆకాశంలో ఉండగలదు. ప్రమాదం ప్రధానంగా పొంచి ఉండేది బయలుదేరేటప్పుడు, దిగేటప్పుడు. అందులోనూ బయలుదేరే ఘడియను గూర్చి మన విద్యార్థిలోకం, కళాశాల పెద్దలు ఆలోచించవలసి ఉన్నదని నా అభిప్రాయం. అది విమానాలకు మాత్రమే చెందిన విషయం కాదని ఈ వ్యాసం చివరకు వచ్చేసరికి పాఠకులు అంగీకరిస్తారని ఆశిస్తున్నాను.

గ్లైడరు మనకు పరాయి వస్తువేమీ కాదు. స్వాతంత్ర్యానంతరం మన దేశపు పౌరవిమానయాన శాఖ సాంకేతిక కేంద్రం వారు స్వయంగా గ్లైడర్లను రూపొందించి, వాటికి నక్షత్రాల పేర్లు పెట్టారు. అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర అనేవి ఆ పేర్లు. ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి నేర్చుకునే రోహిణి 1961 లో తొలిసారి ఎగిరింది. అటువంటివి వందకు పైగా తయారైనవి. ఎన్.సి.సి. విద్యార్థుల శిక్షణకై ఉద్దేశించిన ‘ఆర్ద్ర’ 1979 లో ఎగిరింది. కార్తెలను లెక్కించుకొని దుక్కి దున్నే మన పాలమూరు రైతుకు ఈ పేర్లు చెబితే, ‘ఇవి మన కార్తెలే గదా’ అని నవ్వుతాడు. రోహిణిలో ఎండలు, మృగశిరలో తొలకరి, ఆరుద్రలో వాన. ఏ కార్తెలో ఏ పని చేయాలో, ఏది చేయరాదో తెలిసిన రైతు సంస్కారమే ఆకాశంలోకి పోయేవారికి కూడా కావలసినది.

గ్లైడరును పైకి పంపే విధానాలు ముఖ్యంగా రెండు. ఒకటి, యింజను గల చిన్న విమానం దానిని త్రాటితో లాగుకొని పోవడం. రెండవది, మైదానం ఆ చివర యింజనుతో తిరిగే పెద్ద చుట్టను నిలిపి, సుమారు ఒక కిలోమీటరు పొడవున్న తీగను వేగంగా చుట్టడం. దానిని వించ్ అంటారు. పూనా సమీపంలోని హడప్సర్ గ్లైడింగ్ కేంద్రంలో ఎందరో యువకులు ఈ వించ్ మీదనే విద్య నేర్చుకున్నారు.

ఈ వించ్‌ను మన తాతల కాలపు మోటతో పోల్చవచ్చును. మోటబావి వద్ద ఎడ్లు పల్లంలోకి దిగుతూ ఉంటే మోకు బిగుసుకొని, నీళ్ళు నిండిన బొక్కెన పైకి వచ్చేది. మోట తోలేవాడు ఆ మోకుపైననే కూర్చుండి సాగేవాడు. మోకు తెగినదా, ఎడ్లు ముందుకు బోర్లపడేవి. మనిషి ఎటు విసిరివేయబడేవాడో చెప్పలేము. అందుచేత మా ఊరి పెద్దలు తెల్లవారగనే కాడి కట్టకముందు మోకును చేతితో తడిమి చూచేవారు. పురి విడిన చోట ముడి వేసేవారు. గిరకకు ఆముదం పట్టించేవారు. ‘నిన్న బాగానే ఉన్నది గదా’ అనే మాట వారి నోట రాలేదు. నిన్నటి మోకు వేరు, నేటి మోకు వేరు అన్నది వారి శాస్త్రం.

వించ్ మీద గ్లైడరు లేచేటప్పుడు ముక్కు నిటారుగా పైకెత్తి ఉంటుంది. కొద్ది సెకండ్లలోనే అది వందల అడుగుల ఎత్తుకు చేరుతుంది. ఆ దశలో తీగ తెగినచో లాగే బలం ఒక్కమారుగా పోతుంది. గ్లైడరు వేగం రెండు మూడు సెకండ్లలో క్షీణిస్తుంది. పైలటు తక్షణమే ముక్కును క్రిందికి వంచాలి. వేగం తిరిగి వచ్చేవరకు ఓపిక పట్టాలి. మిగిలిన తీగను విడిచివేయాలి. ఆ పిమ్మట, ఎదుట స్థలం ఉన్నచో ఎదుటనే దిగాలి. కంగారుపడి వేగం రాకముందే ప్రక్కకు తిరుగబోతే రెక్క పట్టుతప్పి, గ్లైడరు గిరగిర తిరుగుతూ నేలను తాకుతుంది. ఇది వేలాది శిక్షణలలో నేర్పే పాఠం. నేర్చినవాడు బ్రతుకుతాడు; విన్నవాడు మాత్రమే అయితే చేతులు ఆ క్షణంలో సహకరించవు.

ఇంకొక ప్రమాదం నేలమీదనే ఉన్నది. గ్లైడరుకు సాధారణంగా క్రింద ఒకే ప్రధాన చక్రం. నిలిచి ఉన్నప్పుడు దాని ఒక రెక్క నేలకు ఆని ఉంటుంది. బయలుదేరే వేళ ఒక మనిషి రెక్క కొనను చేతితో పట్టుకొని సమంగా నిలిపి, నాలుగడుగులు వెంట పరుగెత్తుతాడు. గాలి ప్రక్కనుండి కొట్టి, ఆ రెక్క మరల నేలకు వాలి, గడ్డిలో చిక్కుకున్నదనుకోండి. తీగ లాగుతూనే ఉంటుంది, రెక్క ఆగిపోతుంది. విమానం బొంగరంవలె తిరిగి తలక్రిందులు కావచ్చును. ఇందుకు విరుగుడు చాల చిన్నది. పైలటు ఎడమచేయి తీగను విడిచే పసుపుపచ్చని పిడిని అంటిపెట్టుకొని ఉండాలి. రెక్కలను సమంగా ఉంచలేనని తోచిన మరుక్షణం దానిని లాగివేయాలి. ‘ఇంకొంచెం చూద్దాం’ అన్న మాటకు అక్కడ చోటు లేదు.

ఇవిగాక మనిషి మరపు వలన వచ్చేవి కొన్ని. విడదీసి మరల బిగించిన గ్లైడరులో కడ్డీలు రెక్కల చలనభాగాలకు తగులుకున్నవో లేదో చూడకపోవడం. పైకప్పు గడియ పడకపోవడం. వేగాన్ని తగ్గించే పలకలు మూసి బిగించకుండానే బయలుదేరడం. నడుముపట్టీ సరిచూడకపోవడం. కూర్చున్నవారి బరువు హద్దులలో ఉన్నదో లేదో లెక్కించకపోవడం. అందుకే ప్రపంచమంతటా గ్లైడరు పైలట్లు ప్రతిసారీ, నూరవసారి అయినా వెయ్యవసారి అయినా, ఒక జాబితాను పైకి చదువుతూ ఒక్కొక్కటి చేతితో తాకి చూస్తారు. చివరి అంశం మరీ విలువైనది. ‘తీగ ఇప్పుడే తెగితే ఏమి చేయుదును? గాలి ఎటు వీచుచున్నది? ఎక్కడ దిగుదును?’ అని లేవకముందే తనను తాను ప్రశ్నించుకొనడం.

ప్రమాదాన్ని తలవ్రాత అని సరిపెట్టుకునే అలవాటు మనకు ఉన్నది. ఈ అలవాటును ఖండించే ఉదాహరణ బ్రిటన్‌లో ఉన్నది. అక్కడి గ్లైడింగ్ సంఘం 1987 నుండి జరిగిన వించ్ ప్రమాదాలను ఒకటొకటిగా పరిశీలించి, కారణాలను వర్గీకరించింది. రెక్క నేలకు తగులుట, ఎక్కేటప్పుడు వేగం చాలక పట్టుతప్పుట, తీగ తెగిన తరువాత తప్పుగా వ్యవహరించుట వంటి కొద్దిపాటి కారణాలే మరల మరల కనిపించాయి. 2005 లో ఆ పాఠాలను ప్రతి క్లబ్బుకు, ప్రతి శిక్షకునికి చేరవేశారు. మరణాలు, తీవ్ర గాయాలు గణనీయంగా తగ్గాయి. తీగలు అవే, గాలి అదే, గ్లైడర్లు దాదాపు అవే. మారినది మనుషుల శ్రద్ధ. తలవ్రాతయే అయి ఉంటే శ్రద్ధతో చెరిగిపోయి ఉండేది కాదు.

మరి మన దేశంలో? 2020 అక్టోబరు 4 వ తేదీ ఉదయం కొచ్చిలోని నౌకాదళ కేంద్రం ఐ.ఎన్.ఎస్. గరుడ నుండి శిక్షణకై బయలుదేరిన మోటారు గ్లైడరు తోప్పుంపడి వంతెన సమీపంలో కూలి, నౌకాదళానికి చెందిన ఇద్దరు మరణించారు. 2023 మార్చి 23 న ధన్‌బాద్‌లోని బర్వాడ్డా మైదానం నుండి లేచిన గ్లైడరు, లేచిన కొద్దిసేపటికే సమీపంలోని ఒక ఇంటిని ఢీకొన్నది. పైలటు, అతనితో విహారానికి వెళ్ళిన పదునాలుగేళ్ళ బాలుడు గాయపడ్డారు. 2024 ఫిబ్రవరిలో కులూ ప్రాంతంలోని దోభీ వద్ద, గ్లైడరుకు చెల్లెలు వంటిదైన పారాగ్లైడరు నుండి పడి మన తెలంగాణకు చెందిన ఇరువది ఆరేళ్ళ యువతి మరణించింది. ఆమె పట్టీలను పైలటు సరిచూడలేదని ప్రాథమిక విచారణలో అధికారులు తెలిపారు. ఎగిరే విద్య ఎంతో క్లిష్టమైనది కావచ్చును. కాని ఒక పట్టీని చేతితో లాగి చూచుటకు ఏ విద్య కావాలి?

ఇక్కడనే నా అసలు మాటకు వస్తున్నాను.

గ్లైడరు మైదానంలో ఒక చక్కని ఆచారం కలదు. గ్లైడరు బయలుదేరే వేళ ఎవరైనా సరే, ఏ లోపము కంటబడినా, బిగ్గరగా ‘ఆగు’ అని అరువవచ్చును. అరచినవాడు శిక్షకుడే కానక్కరలేదు. నిన్న చేరిన విద్యార్థి కావచ్చును. టీ అందించే కుర్రవాడు కావచ్చును. ‘ఆగు’ అన్న మాట వినబడగానే అందరూ దానిని అందుకొని అరవాలి, వించ్ ఆగాలి. తరువాత విచారిస్తే అది పొరపాటు అని తేలవచ్చును. అయినను అరచినవానిని ఎవరూ గద్దించరు. ఎందుకనగా పది పొరపాటు అరుపుల వలన పోయేది పది నిమిషాలు. ఒక మౌనం వలన పోయేది ప్రాణం.

మన విద్యాలయాలలో ఈ ఆచారం ఉన్నదా? నిజాయితీగా ఆలోచిద్దాం. మనకు ‘అదబ్’ నేర్పారు, మర్యాద నేర్పారు. పెద్దల మాటకు ఎదురాడరాదని నేర్పారు. ఇవి మంచి గుణాలే. వాటిని వదులుకొనమని నేను చెప్పను. కాని పెద్దవారి పట్ల గౌరవము, పెద్దవారి ఎదుట భయము ఒకటి కావు. నా విద్యార్థి దశలో జరిగిన చిన్న సంఘటన చెబుతాను. ఒక విహారయాత్రలో మేము ఎక్కిన బస్సు వెనుక తలుపు గడియ పూర్తిగా పడలేదని నేను చూచాను. ముందు కూర్చున్న మాస్టారుగారికి చెప్పాలని లేచి, ‘అంతమంది పెద్దలుండగా నాకెందుకు?’ అని మరల కూర్చున్నాను. మైలు దూరం పోకముందే మలుపులో తలుపు తెరచుకొని, నా సహాధ్యాయి రోడ్డుమీద పడ్డాడు. దైవవశాన చేయి మాత్రమే విరిగింది. ఆ మాస్టారుగారు తరువాత నన్ను పిలిచి, ‘చూచి కూడా చెప్పలేదెందుకు నాయనా?’ అన్నారు. ఆ ప్రశ్నకు ఈనాటికీ నావద్ద సమాధానం లేదు. ఆ రోజు నేను మర్యాద పాటించాననుకున్నాను; పాటించినది పిరికితనం.

అందుచేత నా అభిప్రాయం ఇది. పెద్దలను ఆపగల మాటను చిన్నవారికి నేర్పడం కూడా పెద్దల బాధ్యతయే. ఆ మాట విన్నప్పుడు కోపగించుకొనకుండా ఆగడం పెద్దరికం. ఎంత అనుభవమున్న పైలటు అయినా తన రెక్క కొనను తాను చూడలేకపోవచ్చును. రెక్క పట్టినవాడు చూస్తాడు. సంస్థలకు కూడా ఇదే వర్తిస్తుంది.

రెండవ విషయం మైదానం. పైలటు ఎంత నేర్పరియైనా, చుట్టుప్రక్కల నేల సహకరించనిచో లాభం లేదు. పశువులు, కుక్కలు అడ్డురాని కంచె కావాలి. గాలి దిశను తెలిపే గుడ్డసంచి ఎగురుతూ ఉండాలి. లేచిన విమానం ఏ కారణం చేతనైనా లేవలేకపోతే ఎదుట దిగుటకు ఖాళీ నేల ఉండాలి. ధన్‌బాద్‌లో ఆ నేల స్థానంలో ఇల్లు ఉన్నది. 2025 జూన్ 12 న అహమ్మదాబాద్‌లో లేచిన కొద్దిసేపటికే కూలిన పెద్ద విమానం వైద్య విద్యార్థుల వసతిగృహంపై పడింది. విమానంలోని వారు, నేలమీది వారు కలిసి 260 మంది మరణించారు. మధ్యాహ్న భోజనానికి కూర్చున్న విద్యార్థుల కంచాలు అక్కడనే మిగిలిపోయిన చిత్రాలను చూచి కంటతడి పెట్టని వారుండరు. ఆ ప్రమాదానికి కారణాన్ని నిర్ణయించడం నా పని కాదు. విమానాశ్రయపు గోడ వద్ద విమాన భద్రత ముగిసిపోదు అన్నదే నేను దాని నుండి గ్రహించిన పాఠం.

మన పూర్వ నియమాలకు ఈ వివేకం లేకపోలేదు. విమాన నియమావళిలో విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపల పక్షులను ఆకర్షించే రీతిలో పశువధ చేయుట, చెత్త పారవేయుట నిషేధింపబడినవి. చెత్తకు గ్రద్దలు మూగుతాయి; గ్రద్దలు విమానానికి తగులుతాయి. అనగా దుకాణదారుడు, పురపాలక ఉద్యోగి, గృహిణి కూడ విమాన భద్రతలో భాగస్వాములే. నియమం కాగితం మీద ఉన్నది. కుప్పలు వీధిలో ఉన్నవి.

ఇది మన జిల్లాకు దూరపు విషయం అనుకొనరాదు. తెలంగాణలో క్రొత్త విమానాశ్రయాలకై పరిశీలించిన స్థలాలలో మన పాత పాలమూరు జిల్లాలోని దేవరకద్ర ప్రాంతం కూడా ఉన్నది. అది వచ్చునో రాదో కాలమే చెప్పాలి. వచ్చినచో దాని నేలను చదును చేసేది కూడా మన కూలీలే కావచ్చును. దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీల గొప్పతనాన్ని గూర్చి విన్నాము. వారిలో పనిచోట ఎందరు గాయపడ్డారో ఎవరు లెక్క వ్రాశారు? భద్రత అన్నది విమానం ఎక్కే సంపన్నుని సౌఖ్యం మాత్రమే కాదు. మట్టితట్ట ఎత్తేవాని హక్కు కూడా. మైదానం రాకముందే చుట్టుప్రక్కల ఏమి కట్టవచ్చునో, ఏమి కట్టరాదో అడుగగల చదువరులు ఈ ప్రాంతంలో ఉండాలి. ఆ చదువరులు మన కళాశాల నుండి రావాలని నా కోరిక.

ఇంతవరకు చదివిన తల్లిదండ్రులు ఎవరైనా, ‘ఇన్ని ప్రమాదాలుంటే మా పిల్లలను ఎన్.సి.సి. శిబిరాలకు, పర్వతారోహణకు, విహారయాత్రలకు పంపనే పంపము. ముఖ్యంగా ఆడపిల్లలను పంపము’ అనవచ్చును. ఈ ఆక్షేపణ ప్రేమ నుండి పుట్టినదే కాబట్టి దానిని తేలికగా త్రోసివేయరాదు. అయితే నిషేధము, భద్రత ఒకటి కావు. హైదరాబాదు పాతబస్తీలో బేకరీ పనివాని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా బేగంపేటలో విమానవిద్య నేర్చి పైలటు అయినది. ఆమె తండ్రి భయపడి గుమ్మంలోనే ఆపి ఉంటే ఒక ప్రమాదం తప్పేది కాదు. ఒక జీవితం తప్పిపోయేది. తొమ్మిదవ శతాబ్దంలో కొర్దోవా నగరంలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకొని గాలిలోకి లేచాడనీ, దిగేటప్పుడు వీపుకు గాయమైందనీ, పక్షి తోకను ఉపయోగించి దిగుతుందన్న సంగతి మరచినందున అలా జరిగిందనీ పదునేడవ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ వ్రాశాడు. జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ వేలసార్లు ఎగిరి, 1896 ఆగస్టులో పడి మరణించాడు. ఆ మరణాన్ని చదివిన రైట్ సోదరులు ఎగరడం మానలేదు; గ్లైడరును అదుపు చేయుట ఎట్లా అన్న ప్రశ్నకు 1900 నుండి 1902 వరకు మూడు సంవత్సరాలు వెచ్చించారు. ఒకరి పతనం నుండి మరొకరు నేర్చుకున్నందుననే మానవుడు ఎగురగలిగాడు. నేర్చుకొనకుండా పంపడం నిర్లక్ష్యం. నేర్చుకొనకుండా మానిపించడం పలాయనం.

కావున కళాశాల కార్యవర్గ పెద్దలకు వినయపూర్వకంగా నాలుగు మనవులు చేస్తున్నాను. మొదటిది, విద్యార్థులను ఎటువంటి సాహస శిబిరానికైనా పంపే ముందు, శిక్షకుని అర్హత, పరికరాల తనిఖీ, సమీప వైద్యశాల దూరం, భీమా, ఈ నాలుగింటికి నిర్వాహకుల నుండి వ్రాతపూర్వకమైన సమాధానం తీసుకొనవలెను. సమాధానం రానిచో పంపరాదు. రెండవది, ప్రతి యాత్రకు, ప్రతి శిబిరానికి విద్యార్థులలోనే ఒకరిని భద్రతా ప్రతినిధిగా నియమించి, అతడు లేక ఆమె ‘ఆగు’ అన్నప్పుడు అధ్యాపకులు సైతం ఆగుదురని ముందుగానే ప్రకటించవలెను. మూడవది, రసాయనశాల మొదలు బస్సు వరకు, తృటిలో తప్పిన ప్రమాదాలను పేర్లు లేకుండా వ్రాసే ఒక పుస్తకాన్ని గ్రంథాలయంలో ఉంచవలెను. తప్పిన ప్రమాదం ఉచితంగా లభించే గురువు. నాలుగవది, ఆ పుస్తకంలోని అంశాలను సంవత్సరానికి ఒకసారి సమావేశంలో చదివి, ఏమి సరిదిద్దినదీ చెప్పవలెను. వీటికి అయ్యే వ్యయం ఒక నోటుపుస్తకం వెల మాత్రమే.

విద్యార్థి సోదరసోదరీమణులకు నా మాట ఒక్కటే. మీలో ఎవరు పైలట్లు అవుతారో, ఎవరు బల్మూరు పొలాలలో ట్రాక్టరు నడుపుతారో నేను చెప్పలేను. ఏ పనిలోనైనా బయలుదేరే ఘడియ ఒకటి ఉంటుంది. అప్పుడు అందరూ తొందరలో ఉంటారు. పెద్దలు గడియారం చూచుకుంటూ ఉంటారు. అంతా సిద్ధమే అని అందరూ అనుకుంటూ ఉంటారు. ఆ ఘడియలో గడియ పడని తలుపు మీ కంటబడితే, దయచేసి నావలె కూర్చుండిపోకండి. లేచి నిలబడి, గొంతు వణికినా సరే, ‘ఆగండి’ అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పగలిగినవాడే రేపు ఆకాశంలోకి నమ్మి పంపదగినవాడు.